కొత్తగా తెచ్చుకున్న పిల్లి లిటర్ బాక్స్ ఉండగా పరుపు మీద పోస్తోంది, ఏం చేయాలి?

కాదుగోడి_కవిత
మేము దత్తత తెచ్చుకున్న మగ పిల్లి ఇంటికి వచ్చి నెల కావస్తోంది. వయసు రెండేళ్లుంటుందని రెస్క్యూ చేసినవాళ్లు చెప్పారు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అయిపోయింది, టీకాలూ అయ్యాయి. పేరు బొబ్బట్టు. మొదట్లో ఏ ఇబ్బందీ లేదు, చూపించిన లిటర్ బాక్సులోకే (పిల్లి మరుగుదొడ్డిగా వాడే, తడి పీల్చే రేణువులు పోసిన పెట్టె) ఒంటికీ రెంటికీ వెళ్లేవాడు. ఇప్పుడు రెంటికి మాత్రమే బాక్సులోకి వెళ్తున్నాడు. ఒంటికి మా పరుపు, గుమ్మం దగ్గర డోర్‌మ్యాట్, మడతపెట్టిన బట్టలు. నిన్న అత్తయ్య పట్టుచీర ఉన్న సంచీ కూడా అయింది.

బాక్స్ యుటిలిటీలో, వాషింగ్ మెషిన్ పక్కన ఉంది. మూత, ముందు ఊగే తలుపు ఉన్న రకం. వాసన రాకూడదని లావెండర్ లిటర్ వేస్తున్నాం. రోజూ రాత్రి శుభ్రం చేస్తాను. అత్తయ్య ఒంగోలు నుంచి వచ్చి ఉన్నారు, పూజగదిలోకి వెళ్తాడేమోనని ఆవిడకు ఒకటే టెన్షన్. మావారు తిరిగి ఇచ్చేద్దామంటున్నారు. నాకు ఇవ్వాలని లేదు. రాత్రిళ్లు నా కాళ్ల దగ్గరే పడుకుంటాడు. ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా? ఎలా మాన్పించారు?

వైట్‌ఫీల్డ్_వాసు
బొబ్బట్టు అన్న పేరు వింటేనే ముద్దొస్తున్నాడు. ఫొటో ఏదండీ?

కడప_సుబ్బు
పిల్లికి పగ ఎక్కువ. మీ అత్తగారు వచ్చాక మొదలైందంటే కారణం అక్కడే ఉంది. పోసిన చోటికి తీసుకెళ్లి ముక్కు రాసి ఒక్కటి వేయండి, ఇంకోసారి చేయదు. మా ఊళ్లో అందరూ అలాగే నేర్పించేవాళ్లు.

హెబ్బాళ_హరిణి
సుబ్బు గారూ, దయచేసి ఈ సలహా ఎవరికీ ఇవ్వకండి. పగబట్టి పరుపు పాడుచేయడం పిల్లికి తెలియదు. కొడితే అది నేర్చుకునేది ఒక్కటే, మనుషుల ముందు పోయకూడదని. ఆ తర్వాత సోఫా వెనకా మంచం కిందా పోస్తుంది, కంపు కొట్టేదాకా మనకు తెలియను కూడా తెలియదు.

కవిత గారూ, బాక్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి. పోసినప్పుడు పెద్ద మడుగు కడుతోందా, చుక్కలు చుక్కలుగా ఉంటోందా? మాటిమాటికీ వెళ్లి కూర్చుని లేస్తున్నాడా? కూర్చున్నప్పుడు అరుస్తున్నాడా? ఆ చోట ఎక్కువగా నాక్కుంటున్నాడా? మరకలో ఎరుపు ఛాయ ఏమైనా కనిపించిందా?

ఎందుకు అడుగుతున్నానంటే మగ పిల్లి మూత్రనాళం చాలా సన్నం. లోపల తయారయ్యే స్ఫటికాలో, జిగురులాంటి పదార్థమో అడ్డుపడితే మూత్రం పూర్తిగా ఆగిపోతుంది. అప్పుడు రక్తంలో పొటాషియం పెరిగి గుండె మీద పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఆపరేషన్ అయిన పిల్లికీ ఇది వస్తుంది. చుక్క కూడా రాకుండా ముక్కుతుంటే తెల్లారేదాకా ఆగకండి, అప్పటికప్పుడు రాత్రి తెరిచి ఉండే ఆసుపత్రికి వెళ్లండి.

నెల్లూరు_నాగమణి
హరిణి చెప్పింది అక్షరాలా నిజం. పోయిన దీపావళికి టపాసుల మోతకి మా చిట్టి మంచం కింద దూరి బయటికి రాలేదు. ఆ మర్నాడు బాక్సులోకి వెళ్లడం, కూర్చోవడం, ఏమీ రాక లేచిపోవడం. మా ఆయన మలబద్ధకం అన్నారు. పక్కింటావిడ ఆముదం పట్టమంది. నేను ఒప్పుకోలేదు, ఆటో మాట్లాడుకుని తీసుకెళ్లిపోయా. మత్తిచ్చి గొట్టం వేసి మూత్రం తీశారు, సెలైన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నారు. చిట్టి అంటే ఆడపిల్ల అనుకునేరు, మగవాడే.

కాదుగోడి_కవిత
చదువుతుంటేనే చేతులు వణికాయి. ఇల్లంతా మళ్లీ చూసొచ్చా. పరుపు మీద పోసింది పెద్ద మడుగే. డోర్‌మ్యాట్ మీద మాత్రం రూపాయి బిళ్లంత మరకలు చాలా ఉన్నాయి. నాక్కోవడం ఎక్కువైందని మా అమ్మాయి అంటోంది. అరవడం లేదు. రాత్రి తిన్నాడు.

హెబ్బాళ_హరిణి
తింటున్నాడు, మూత్రం వస్తోంది కాబట్టి ఈ రాత్రే పరుగెత్తక్కర్లేదు. కానీ పడుకునే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి చూడండి. వాంతి చేసుకున్నా, నీరసంగా మూలకు చేరినా ఆగొద్దు. లేకపోతే పొద్దున్నే తీసుకెళ్లి మూత్ర పరీక్ష, బ్లాడర్ స్కాన్ చేయించండి. ఇక్కడ బెంగళూరులో, మా హెబ్బాళలో పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ప్రభుత్వానిది కాబట్టి ఖర్చు తక్కువ.

బెల్లందూరు_బాబాయ్
కాదుగోడి నుంచి హెబ్బాళ అంటే ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం ఎక్కి దిగాలి. పిల్లి కంటే ముందు డ్రైవరు అరవడం మొదలుపెడతాడు. దగ్గర్లో పిల్లుల్ని బాగా చూసే డాక్టరు ఉంటే అక్కడికే వెళ్లమ్మా.

తిరుపతి_పశువైద్యుడు
పశువైద్యం చదివాను, ఇప్పుడు ఇక్కడ మందుల కంపెనీలో పని. చూడకుండా జబ్బు పేరు చెప్పను గానీ, రేపు డాక్టరు ఏం ఆలోచిస్తారో చెప్తాను, టెన్షన్ తగ్గుతుంది.

ఈ వయసు పిల్లికి మాటిమాటికీ కొంచెం కొంచెం పోయడం, నాక్కోవడం ఉంటే ముందు అనుమానించేది ఇడియోపతిక్ సిస్టైటిస్. అంటే సూక్ష్మక్రిములు లేకుండానే మూత్రాశయం గోడ వాచి మంట పుట్టడం. దీనికీ మనసులో ఒత్తిడికీ గట్టి సంబంధం ఉంది. ఇల్లు మారడం, కొత్త మనుషులు, కొత్త శబ్దాలు, బయట తిరిగే ఇంకో పిల్లి, ఏదైనా చాలు. చిన్న వయసు పిల్లుల్లో బాక్టీరియా ఇన్ఫెక్షన్ తక్కువ, ముసలి పిల్లుల్లోనే అది ఎక్కువ. కాబట్టి ఎవరో చెప్పారని మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి.

ఒంటికి మాత్రమే బాక్స్ మానేయడం కూడా దీనికి సరిపోతుంది. బాక్సులో కూర్చున్నప్పుడల్లా మంట పుడితే ఆ బాక్సే తనని కుడుతోందని పిల్లికి అనిపిస్తుంది. మంట పుట్టని చోటు వెతుక్కుంటూ మెత్తటి వాటి మీదికి వెళ్తుంది. పరుపు, బట్టలు, మ్యాట్ అన్నీ మెత్తటివే కదా.

ఒక హెచ్చరిక. నొప్పిగా ఉందేమోనని మన ఇళ్లలో ఉండే పారాసిటమాల్ ఎప్పుడూ ఇవ్వకండి. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఒక్క మాత్రతో కూడా చచ్చిపోవచ్చు.

అనంతపురం_అబ్బాయి
మా పిల్లికి పదమూడేళ్లు. ఆవిడ కూడా బాక్స్ బయట పోయడం మొదలుపెట్టింది, వయసైపోయింది లెమ్మని మా అన్న అన్నాడు. పరీక్ష చేయిస్తే కిడ్నీ సమస్య. నీళ్లు ఎక్కువ తాగుతోంది, ఎక్కువ పోస్తోంది, బాక్స్ తొందరగా తడిసిపోతోంది.

తిరుపతి_పశువైద్యుడు
అవును, ముసలి పిల్లుల లెక్క వేరు. కిడ్నీ, షుగరు, థైరాయిడ్ చూడాలి. కీళ్లనొప్పులు ఉంటే ఎత్తు గోడల బాక్సులోకి కాలెత్తి దిగలేవు. ఒకవైపు గోడ తగ్గించి కోస్తే చాలాసార్లు సమస్య సగం తీరుతుంది.

హెచ్‌ఎస్‌ఆర్_సుజాత
డాక్టరు విషయం తేలేలోపు బాక్స్ సంగతి చూద్దాం. కవిత గారి మొదటి పోస్టు చదివితే ఆ పిల్లికి ఎన్ని అడ్డంకులో నాకు వరసగా కనిపిస్తున్నాయి.

వాషింగ్ మెషిన్ పక్కన. లోపల కూర్చున్నప్పుడు మెషిన్ స్పిన్‌లోకి వెళ్తే యుటిలిటీ అంతా అదురుతుంది. బెంగళూరు ఫ్లాట్లలో అందరం అక్కడే పెడతాం, ఇంకెక్కడా చోటుండదు కాబట్టి. నేనైతే బాక్సుని హాల్లో టీవీ స్టాండ్ పక్క మూలకి తెచ్చా. అతిథులు వస్తే చూస్తారు, చూడనీ.

మూత. మనకు వాసన రాదు, లోపల దానికి మాత్రం మొత్తం వాసన. పైగా ఒకటే దారి, ఎవరు వస్తున్నారో కనబడదు. కొత్తింటికి వచ్చిన పిల్లికి అది భయం. తీసేయండి.

లావెండర్. మన ముక్కుకి హాయి, పిల్లి ముక్కుకి ఘాటు. వాసన లేని, సన్నటి రేణువుల, తడిస్తే గడ్డకట్టే లిటర్ రెండు మూడు అంగుళాల మందం పోయండి.

సైజు కూడా చూడండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పిల్లి ఎంత పొడవుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. దుకాణంలో దొరికేవి చాలావరకు చిన్నవి. బట్టలు పెట్టుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని ఒకవైపు కోసేస్తే అంతకన్నా మంచి బాక్స్ లేదు.

వైట్‌ఫీల్డ్_వాసు
సుజాత గారితో పూర్తిగా ఏకీభవించను. మా పిల్లి మూత ఉన్నదే వాడుతుంది. తీసేస్తే బయటికి మట్టి చిమ్మి ఇల్లంతా ఇసుక తిన్నెలు చేస్తుంది.

హెచ్‌ఎస్‌ఆర్_సుజాత
మీ పిల్లి వాడుతోంది కాబట్టి మీరు మార్చక్కర్లేదు వాసు గారూ. ఇక్కడ వాడటం మానేసిన పిల్లి గురించి మాట్లాడుతున్నాం. మూత ఉన్నదీ లేనిదీ రెండూ పెట్టి దేనిలోకి వెళ్తాడో చూడమనండి, వాడే చెప్తాడు. ఎలాగూ పిల్లులు ఎన్ని ఉంటే అంతకంటే ఒక బాక్స్ ఎక్కువ ఉండాలి. ఒక్క పిల్లికి రెండు.

వైట్‌ఫీల్డ్_వాసు
మాది సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. రెండు బాక్సులు పెడితే నేను బాల్కనీలో పడుకోవాలి.

నెల్లూరు_నాగమణి
మాదీ చిన్న ఇల్లే. ఒకటి హాల్లో, ఒకటి బెడ్‌రూమ్‌లో. రెండూ పక్కపక్కనే పెడితే పిల్లి లెక్కలో అవి ఒకటే, దూరంగా ఉండాలి. తిండిగిన్నె దగ్గర కూడా పెట్టకండి. తినేచోట అది వెళ్లదు.

కవిత గారూ, యుటిలిటీ దేనితో తుడుస్తారు?

కాదుగోడి_కవిత
పనమ్మాయి రోజూ ఫినాయిల్ వేసి తుడుస్తుంది. బాక్స్ చుట్టూ వాసనని ఇంకొంచెం ఎక్కువే వేస్తుంది. ఏం?

తిరుపతి_పశువైద్యుడు
వెంటనే ఆపించండి. ఫినాయిల్‌లోని ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి శరీరం బయటికి పంపలేదు. పారాసిటమాల్ గురించి చెప్పిన కారణమే ఇక్కడా. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే లోపలికి పోతుంది. విషం సంగతి పక్కన పెట్టినా, బాక్స్ చుట్టూ ఆ ఘాటు ఉంటే పిల్లి అటు వెళ్లదు. కొంచెం సబ్బు నీళ్లతో తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడిస్తే చాలు.

గోదారి_గాలి
మా తాతగారింట్లో పిల్లులకు ఈ ఇబ్బందులేవీ లేవు. పెరట్లో గాబు వెనక బూడిద కుప్ప ఉండేది, అదే వాటి మరుగుదొడ్డి. చక్కగా గుంట తీసి, పని కానిచ్చి, కప్పి వచ్చేవి. పిల్లుల పూర్వీకులు ఎడారి వైపు అడవిపిల్లులు కదా, గుల్లగా ఉండే నేల కనిపిస్తే తవ్వడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. అమెరికాలోనూ అప్పట్లో బూడిద, ఇసుకే పెట్టేవాళ్లు. 1947లో ఎడ్వర్డ్ లో అనే ఆయన, పిల్లి కోసం ఇసుక అడిగిన పొరుగావిడకి నీళ్లు పీల్చే బంకమట్టి రేణువులు ఇచ్చాడు. ఈ లిటర్ వ్యాపారమంతా అక్కడ మొదలైంది. గడ్డకట్టే బెంటొనైట్ రకం 1980లలో వచ్చింది. ఆ మట్టి మన గుజరాత్‌లో కచ్ వైపు బోలెడు దొరుకుతుంది.

బెల్లందూరు_బాబాయ్
మా అపార్ట్‌మెంట్ పక్కన కొత్త టవర్ కడుతున్నారు. మా వీధిలో పిల్లులన్నిటికీ ఎం-శాండ్ (రాయి పొడిచేసి తీసే ఇసుక) కుప్పే స్వర్గం. మేస్త్రీ రోజూ వాటిని తిడుతుంటాడు.

కాదుగోడి_కవిత
డాక్టరు దగ్గర్నుంచి ఇప్పుడే వచ్చాం. స్కాన్‌లో రాళ్లు లేవు. మూత్రాశయం గోడ కాస్త మందంగా ఉంది, మూత్రంలో కొద్దిగా రక్తం ఉంది, క్రిములు కనపడలేదు. పైన చెప్పిన సిస్టైటిసే అన్నారు. పిల్లికి ఇచ్చే నొప్పి మందు రాశారు. నీళ్లు ఎక్కువ లోపలికి వెళ్లేలా చూడమన్నారు, తడి ఆహారం పెట్టమన్నారు. ఇంట్లో శబ్దాలు తగ్గించమన్నారు. మళ్లీ రావచ్చు, అడ్డుపడే లక్షణాలు కనిపిస్తే పరుగున రమ్మన్నారు.

మావారు స్కాన్ చూశాక తిరిగి ఇచ్చే మాట ఎత్తలేదు. నొప్పితో ఉన్నవాణ్ని ఎక్కడికి పంపుతామన్నారు.

హెబ్బాళ_హరిణి
ఆ మాటకి మీవారికి నా తరఫున థాంక్స్ చెప్పండి. ఇలా పోస్తోందని తిరిగొచ్చే పిల్లులు మా దగ్గర చాలా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒక్క మూత్ర పరీక్ష కూడా ఎవరూ చేయించి ఉండరు. "అలవాటు లేని పిల్లి" అన్న ముద్ర పడితే ఇంకెవరూ తీసుకోరు. అందుకే నాకు ఈ విషయంలో అంత కోపం.

ఇప్పుడు వాడికి కొన్నాళ్లు ఇల్లు మొత్తం ఇవ్వకండి. ఒక గది ఇవ్వండి. అందులో బాక్స్ ఒక మూల, తిండీ నీళ్లూ ఎదురు మూల, దూరడానికి ఒక అట్టపెట్టె, ఎక్కి కూర్చోవడానికి ఎత్తయిన చోటు. ఆ గదిలో పరుపు ఉంటే మీద ప్లాస్టిక్ షీట్ కప్పండి. అక్కడ బాక్స్ సరిగ్గా వాడుతుంటే మెల్లగా తలుపు తెరవండి. కొత్త లిటర్ పాతదాని బదులు ఒకేసారి పోయకుండా, రెండో బాక్సులో పోసి పక్క మూల పెట్టండి.

కాదుగోడి_కవిత
మా అమ్మాయి గది ఇచ్చేశాం. పరుపు ఎలా శుభ్రం చేయాలి? డెట్టాల్ వేసి కడిగినా మళ్లీ అక్కడికే వస్తున్నాడు.

అనంతపురం_అబ్బాయి
డెట్టాల్ వద్దు, బ్లీచింగ్ వద్దు. పిల్లి మూత్రంలో యూరిక్ యాసిడ్ నీళ్లకీ సబ్బుకీ సరిగ్గా పోదు. మనకు వాసన పోయినట్టుంటుంది, కాస్త తేమ తగిలితే మళ్లీ లేస్తుంది. పెంపుడు జంతువుల దుకాణంలో ఎంజైమ్ క్లీనర్ అని అడగండి. ముందు పొడి గుడ్డతో అద్ది పీల్చేయండి, రుద్దకండి. తర్వాత ఆ ద్రవం లోపలిదాకా తడిసేలా పోసి, ప్యాకెట్ మీద చెప్పినంతసేపు వదిలేసి ఆరనివ్వాలి. మూత్రం ఎంత లోపలికి పోయిందో ఇదీ అంత లోపలికి పోవాలి.

జేపీనగర్_జ్యోతి
ఎంజైమ్ కొనడం ఎందుకు, మా అపార్ట్‌మెంట్‌లో అందరం నిమ్మ, బత్తాయి తొక్కలు బెల్లంతో పులియబెట్టి బయో ఎంజైమ్ చేసుకుంటాం. ఇల్లంతా దానితోనే తుడుస్తాం. అదే పోయండి.

తిరుపతి_పశువైద్యుడు
జ్యోతి గారూ, నేల తుడవడానికి మంచిదే. కానీ ఈ పనికి పేరు ఒకటే గాని వస్తువు వేరు. మూత్రాన్ని విరగ్గొట్టడానికి తయారుచేసిన ఎంజైములు అందులో ఉండవు, అది ముఖ్యంగా పుల్లటి ద్రవం. పైగా పిల్లులకు నిమ్మజాతి వాసన గిట్టదు. పరుపు మీద పోస్తే ఒకవేళ దూరంగా ఉంటుందేమో, బాక్స్ చుట్టూ తుడిస్తే మాత్రం బాక్సుకే దూరమవుతుంది.

జేపీనగర్_జ్యోతి
సరే, బాక్స్ దగ్గర ఆపేస్తా. మాదింకో సమస్య. మా గండుపిల్లి కూర్చుని పోయడు, గోడవైపు తిరిగి నిలబడి, తోక నిటారుగా లేపి వణికిస్తూ చిమ్ముతాడు. బాల్కనీ తలుపు, సోఫా పక్క, ఫ్రిజ్. ఇదీ మూత్రాశయం వాపేనా?

హెబ్బాళ_హరిణి
ఇది వేరు. ఒంటికి వెళ్లడం కాదు, సరిహద్దు రాసుకోవడం. ఆపరేషన్ అయిందా?

జేపీనగర్_జ్యోతి
లేదు. పాపం అనిపించి చేయించలేదు.

హెబ్బాళ_హరిణి
చేయించండి. మగపిల్లుల్లో దాదాపు పదింట తొమ్మిది ఆపరేషన్ తర్వాత ఇది మానేస్తాయి లేదా బాగా తగ్గిస్తాయి. ఐదారు నెలల వయసులో, అలవాటు పడకముందే చేయిస్తే ఇంకా మంచిది. చిన్న ఆపరేషన్, సాధారణంగా ఆ రోజే ఇంటికి పంపేస్తారు. బాల్కనీ తలుపు మీద చిమ్ముతున్నాడంటే బయట ఏదో పిల్లి కనిపిస్తుండాలి. అద్దం కింది సగానికి కాగితం అంటించి చూడండి.

కాదుగోడి_కవిత
మాది గ్రౌండ్ ఫ్లోరే. సాయంత్రాలు ఒక నల్ల గండుపిల్లి వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటుంది. బొబ్బట్టు గుర్రుమంటాడు. అది కూడా టెన్షనేనా?

హెబ్బాళ_హరిణి
అదే పెద్ద టెన్షన్. ఈ రాత్రే కాగితం అంటించండి. ఆ నల్లవాడికి తిండి పెట్టేవాళ్లుంటే కిటికీకి దూరంగా పెట్టమనండి. వీలైతే వాడికీ ఆపరేషన్ చేయించే ఏర్పాటు చూద్దాం, నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

కడప_సుబ్బు
తడి ఆహారం అంటున్నారు, ఆ ప్యాకెట్ల ఖరీదు చూశారా? మా అమ్మ పిల్లికి పెరుగన్నం పెట్టేది. ఎన్నేళ్లు బతికిందో.

కాదుగోడి_కవిత
అత్తయ్య కూడా రోజూ పాలు, పెరుగన్నం పెడుతున్నారు. మా ఇంట్లో మాంసం వండరు. పాపం ప్రేమగానే పెడుతున్నారు.

తిరుపతి_పశువైద్యుడు
సుబ్బు గారూ, మీ అమ్మగారి పిల్లి పెరుగన్నం తిని, ఆపైన గాదె కింద ఎలుకల్నీ తినేది. ఫ్లాట్‌లో ఎలుక ఎక్కడ? పిల్లికి టారిన్ అనే పదార్థం తప్పనిసరి. అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు, పాలలో సరిపోయేంత ఉండదు. అది లేకపోతే కంటిచూపు దెబ్బతింటుందని 1970లలో, గుండె కండరం బలహీనపడి ఉబ్బుతుందని 1987లో తేలింది. పెద్ద పిల్లులకు పాలు చాలావరకు అరగవు కూడా, విరేచనాలవుతాయి. విరేచనాలైతే బాక్స్ దాకా ఆగలేవు, అదో కొత్త సమస్య.

కవిత గారికి: ప్యాకెట్ ఆహారంలోనే గోరువెచ్చటి నీళ్లు కలిపి జావలా పెట్టండి, ఖర్చు పెరగదు. ఇంట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టండి. ఈ జబ్బులో మూత్రం ఎంత పలచగా ఉంటే అంత మంచిది.

కడప_సుబ్బు
ఎలుకల సంగతి సరే. పెరుగన్నం విషం కాదు గదా, ఎప్పుడో ఒక ముద్ద పెడితే ఏమీ కాదని నా ఉద్దేశం.

నెల్లూరు_నాగమణి
ఒక ముద్దకి ఎవరూ గొడవ పడటం లేదులెండి. భోజనం బదులు వద్దంటున్నాం.

కాదుగోడి_కవిత
అత్తయ్యకి చదివి వినిపించా. పాలు మానేసి, జావ కలిపే పని ఆవిడే తీసుకున్నారు. అమ్మాయి గదిలో బాక్సులు రెండూ పెట్టాం. వాసన లేని లిటరున్న కొత్త డబ్బాలోకే వెళ్తున్నాడు. ఇప్పటిదాకా బయట పోయలేదు. గది తలుపు ఇంకా పూర్తిగా తెరవలేదు, డాక్టరు ఒకసారి చూశాక తెరుద్దామనుకుంటున్నాం.

మారతహళ్ళి_మౌనిక
ఈ చర్చ మధ్యలో నా ప్రశ్న. నాకు మూడో నెల. పిల్లి లిటర్ వల్ల కడుపులో బిడ్డకి ప్రమాదమని అమ్మ రోజూ ఫోన్ చేసి పిల్లిని ఎక్కడైనా వదిలేయమంటోంది. నిజమా?

తిరుపతి_పశువైద్యుడు
ప్రమాదం నిజమే, పిల్లిని వదిలేయక్కర్లేదు. ఆ జబ్బు పేరు టాక్సోప్లాస్మోసిస్. పిల్లి మొదటిసారి ఆ పరాన్నజీవి బారిన పడినప్పుడు కొద్ది వారాలు మాత్రమే మలంలో దాని గుడ్లలాంటివి వస్తాయి. అవి బయటికి వచ్చిన వెంటనే అంటుకోవు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే ఇంట్లో ఇంకెవరైనా రోజూ బాక్స్ శుభ్రం చేస్తే చాలావరకు ప్రమాదం పోతుంది. ఎవరూ లేకపోతే మీరు గ్లవ్స్ వేసుకుని చేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

పిల్లిని బయటికి వదలకండి, పచ్చి మాంసం పెట్టకండి. మీరు కూడా సరిగ్గా ఉడకని మాంసం, కడగని కూరగాయలు తినకండి, కుండీల మట్టిలో వట్టి చేతులు పెట్టకండి. ఈ జబ్బు అటునుంచి కూడా వస్తుంది. మీ గైనకాలజిస్టుకి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తారు.

మారతహళ్ళి_మౌనిక
మావారికి ఈ పోస్టు పంపించా. ఈరోజు నుంచి బాక్స్ ఆయనదే. అమ్మకి కూడా పంపిస్తా.

గోదారి_గాలి
ఇంతకీ వాడిన లిటర్ ఏ చెత్తలో వేస్తున్నారు? మా బ్లాక్‌లో తడి చెత్తలో వేస్తే తీసుకోవడం లేదు. టోఫు రకం (సోయా పిప్పితో చేసే లిటర్) ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసుంది.

హెచ్‌ఎస్‌ఆర్_సుజాత
ఫ్లష్ చేయకండి. బెంటొనైట్ అయితే పైపులో గడ్డకట్టి మొత్తం బ్లాక్ చేస్తుంది. టోఫు కరిగినా, పైన చెప్పిన పరాన్నజీవి మురుగు శుద్ధిలో పూర్తిగా చావదు. పిల్లి మలం కంపోస్టులోనూ వద్దు. కాగితంలో గట్టిగా చుట్టి, డైపర్లు వేసే ఎర్ర బుట్టలో వేస్తాను. చుట్టిన పొట్లం మీద ఎర్ర గీత పెడితే చెత్త ఏరేవాళ్లకి తెలుస్తుంది, వాళ్ల చేతులు కూడా మనం చూసుకోవాలి కదా.

కేఆర్‌పురం_కార్తీక్
కొత్త సభ్యుణ్ని. రోడ్డు పక్కన దొరికిన కూన, రెండు నెలలుంటుందన్నారు. బాక్స్ చక్కగా వాడుతోంది గానీ లిటర్ తింటోంది! బెంటొనైట్ వేశాను. ఏమైనా అవుతుందా?

నెల్లూరు_నాగమణి
నాలుగు నెలల లోపు కూనలకి గడ్డకట్టే రకం వద్దు. కూనలు అన్నీ నోట్లో పెట్టుకుంటాయి, అది కడుపులో ఉబ్బి గడ్డ కట్టొచ్చు. చెక్కపొట్టు పెల్లెట్స్ గానీ కాగితం రకం గానీ వేయండి. బాక్స్ గోడ తక్కువ ఎత్తుండాలి.

తిరుపతి_పశువైద్యుడు
చిగుళ్లు కూడా చూడండి కార్తీక్. తెల్లగా పాలిపోయి ఉంటే రక్తహీనత. పురుగులు, గోమార్లు ఎక్కువున్న వీధి కూనల్లో ఇది మామూలే, రక్తం తక్కువైన పిల్లులు మట్టి, లిటర్ తింటాయి.

కేఆర్‌పురం_కార్తీక్
పెల్లెట్స్ తెచ్చి మార్చేశాను. చిగుళ్లు కొంచెం పాలిపోయినట్టే ఉన్నాయి, ఫొటో సరిగ్గా రావడం లేదు. చెవుల వెనక గోమార్లు కూడా కనిపించాయి. సాయంత్రం ఆరింటికి డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది, తీసుకెళ్తున్నాను.